కుట్టుకి వదిలిన అరంగుళం

టైలరు మాస్టారికి టేపు మెడలో ఉంటుంది, కోపం ముక్కు మీద ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు టేపైనా తీస్తారు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే టీ తాగుతూ, "వంటిల్లు మొత్తం పీకేసి నా చేతుల్తో నేనే కొత్తగా చేస్తాను," అంటే ఆయన భార్య పిట్టమ్మ అడ్డు చెప్పలేదు. భయపడి కాదు. ఆవిడ ఆయనకి భయపడ్డ రోజు ఏ క్యాలెండరులోనూ లేదు. ఆశపడి ఊరుకుంది.

ఆ ఆశేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ గొడవంతా దేనికో మీకు అర్థం కాదు. పిట్టమ్మ అసలు పేరు కాదు. మనిషి నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. కాపురానికొచ్చిన వారానికే వీధి వీధంతా ఆ పేరు ఖాయం చేసేసింది. అత్తగారేమో ఏ గుమ్మంలోంచి వెళ్ళినా తల వంచుకుని వెళ్ళాల్సిన మనిషి. వంటగట్టు ఆ అత్తగారి ఎత్తుకి కట్టింది. కొత్తకోడలు దాని ముందు నిలబడితే గిన్నె కనబడింది గానీ గిన్నెలో ఉడికేదేమిటో కనబడలేదు. అత్తగారు ఒక చెక్కపీటని కాలితో ఇటు తోసి, "ఎక్కు," అన్నారు. ఎక్కింది. ఇరవయ్యారేళ్ళుగా ఎక్కుతూనే ఉంది. ఉప్పుకి దిగడం, గరిటెకి ఎక్కడం, నీళ్ళకి దిగడం, మూతకి ఎక్కడం. అత్తగారు పోయాక కూడా గట్టు ఒక్క అంగుళం తగ్గలేదు. పిట్టమ్మ ఆ పీట మీంచి రెండుసార్లు పడింది. మూడోసారి పోయిన నెలలో పడి ఎడమ మణికట్టు బెణికించుకుంది.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక మాస్టారు చాలాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు. "కొత్త గట్టు నీ ఎత్తుకి చేస్తాను. నేల మీద నిలబడి వండుకుందువుగాని," అన్నారు. పిట్టమ్మకి మెరిసే తలుపులు అక్కర్లేదు, జారుడు సొరుగులు అక్కర్లేదు. రెండు కాళ్ళూ నేలకి ఆనించి ఒక్క కూర వండితే చాలు. అదీ ఆవిడ ఆశ.

చిక్కల్లా ఆవిడ తమ్ముడి దగ్గర వచ్చింది. తమ్ముడు వడ్రంగి, రెండు వీధుల అవతలే ఉంటాడు. సంగతి విని చూడ్డానికొచ్చి, "చెక్క బట్టలాంటిది కాదు బావగారూ. తప్పు కోస్తే విప్పి మళ్ళీ కుట్టలేం," అన్నాడు. ఆ మాట మామూలుగా అనుంటే ఏ గొడవా లేకపోను. నవ్వుతూ అన్నాడు.

"నలభయ్యేళ్ళుగా కొలతలు తీస్తున్నాను. నువ్వా నాకు కొలత నేర్పేది? నువ్వు రంపం పట్టుకుని ఈ వంటింట్లో అడుగుపెట్టిన రోజున నేను కత్తెర పట్టడం మానేస్తాను," అన్నారు మాస్టారు. తమ్ముడు అక్క వంక చూశాడు. అక్క పైకప్పు వంక చూసింది.

పాత గట్టు పగలగొట్టడం మూడు రోజుల భాగోతం. మొదటి రోజే సుత్తి వెళ్ళి గోడలో ఉన్న నీళ్ళగొట్టానికి తగిలింది. నీళ్ళు ఎగజిమ్ముతుంటే మాస్టారు కంగారుపడలేదు. లైనింగు గుడ్డ తెచ్చి, గొట్టానికి ఏడు చుట్లు చుట్టి, దారంతో కుట్టేశారు. ప్లంబరు వచ్చి ఆ కుట్లు విప్పడానికే అరగంట తీసుకుని, వెళ్ళేటప్పుడు, "పని బాగుందండీ, నా చొక్కా ఒకటుంది, తెచ్చిస్తాను," అన్నాడు. ఈలోగా పొయ్యి ముందుగదిలోకి, కుట్టుమిషను పక్కకి వచ్చింది. కూరలో సున్నం, చొక్కాల మీద పోపు. పిట్టమ్మ కిక్కురుమనకుండా భరించింది.

తర్వాత మాస్టారు గోడ కొలిచారు. మూల నుంచి పెరటి తలుపు దాకా నూట ఇరవయ్యారు అంగుళాలు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ కొలతలో వెంట్రుకవాసి తప్పు లేదు. ఏడు కబోర్డులు, ఒక్కోటీ పద్దెనిమిది అంగుళాల వెడల్పు. లెక్క దివ్యంగా కుదిరింది. ఏ చెక్క ఎంత కోయాలో చీటీ రాసి చెక్కల దుకాణంలో ఇచ్చారు. వాళ్ళు ఆ చీటీ ప్రకారం మిషను మీద కోసి పంపించారు. మాస్టారు కచ్చా కుట్టు వేసినట్టు ముందు చిన్న మేకులు కొట్టుకుని, ఆ తర్వాత స్క్రూలు బిగించుకుంటూ వారంలో ఏడు పెట్టెలూ తయారుచేశారు. ఒక్కోదానికి నాలుగేసి కాళ్ళు. తలుపులు తర్వాత.

అన్నిటినీ వరసగా పెట్టిన రోజున అసలు సినిమా మొదలైంది. ఆరు కబోర్డులు గోడ పొడవునా బుద్ధిగా నిలబడ్డాయి. ఏడోది పెరటి గుమ్మంలోకి ఏడంగుళాలు పొడుచుకొచ్చింది. పెరట్లోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చుకోవాలి. పిట్టమ్మకి పొట్ట లేదు కాబట్టి దూరిపోయింది. మాస్టారు మాత్రం ఇరుక్కుని, చొక్కా గుండీ ఒకటి తెగాక బయటపడ్డారు.

పిట్టమ్మ చూసింది గుమ్మాన్ని కాదు, ఎత్తుని. వెళ్ళి వాటి పక్కన నిలబడింది. ఇంకా పైన రాయి పరచకుండానే ఛాతీ దాకా వచ్చింది. పాతదానికన్నా ఎక్కువ. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా ఎత్తుకన్నారు," అంది.

"నీ ఎత్తుకే చేశాను. కొత్త చెక్క కదా, ఉబ్బింది," అన్నారు మాస్టారు, గుండీ వెతుక్కుంటూ.

"చెక్క ఉబ్బడమేంటండీ?"

"కొత్త బట్ట తెస్తే ముందేం చేస్తాం? తడిపి ఆరేస్తాం. కుంచించుకుపోయి అసలు కొలతకొస్తుంది. ఇదీ అంతే. వారం ఆగు."

అనడమే కాదు, మర్నాడు పొద్దున ఇస్త్రీకి వాడే నీళ్ళ సీసా తెచ్చి ఏడు కబోర్డుల మీదా తుంపర చల్లి, కిటికీలు బార్లా తీసి, తన కుట్టు దుకాణానికి వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే పిట్టమ్మ పొడిగుడ్డతో అన్నీ తుడిచేసి తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు పెరటి వైపునించి వచ్చాడు, రంపం గోనెసంచిలో చుట్టుకుని. ఒక్కో కబోర్డూ కొలిచాడు. పంతొమ్మిది, పంతొమ్మిది, పంతొమ్మిది. చెక్కలతో పాటు తిరిగొచ్చిన చీటీ చూశాడు. "అక్కా, ప్రతి చెక్కకీ వెడల్పులో అటో అరంగుళం, ఇటో అరంగుళం ఎక్కువ రాశారు. కాళ్ళకైతే రెండేసి అంగుళాలు. ఎందుకిలా?"

పిట్టమ్మ చీటీ అందుకుని ఒక్కసారి చూసింది. టైలరు పెళ్ళానికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా. నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

"కుట్టుకి వదిలార్రా. అటు అరంగుళం, ఇటు అరంగుళం. ఆ రెండంగుళాలు కింద మడతకి."

తమ్ముడు కూడా కూలబడ్డాడు. నలభయ్యేళ్ళ చెయ్యి, పాపం, మనిషిని అడక్కుండానే రాసుకుపోయింది. నవ్వడం అయ్యాక పిట్టమ్మ కళ్ళు తుడుచుకుని, "చెప్పామంటే మూడు నెలలు అన్నం మానేస్తారు. చెప్పొద్దు. ఆయన కుంచించుకుపోతుందన్నారుగా. కుంచించుకుపోనీ," అంది.

ఇక చూడండి వీళ్ళ నాటకం. మాస్టారు దుకాణానికి వెళ్ళడం, తమ్ముడు పెరట్లోంచి దిగడం. రోజుకో కబోర్డు విప్పి, పై చెక్కా అడుగు చెక్కా వెనక చెక్కా అంగుళం కోసి, మళ్ళీ బిగించడం. వెళ్ళేముందు మొత్తం ఇరవయ్యెనిమిది కాళ్ళకీ కాస్త కాస్త గొరగడం. రంపపు పొట్టంతా ఎత్తి పెరట్లో మొక్కల కింద పోయడం. సాయంత్రం మాస్టారు రాగానే చెప్పులు విప్పకుండా వంటింట్లోకెళ్ళి టేపు పెట్టేవారు.

"చూశావా, ఇవాళ మళ్ళీ అంగుళం తగ్గింది," అనేవారు.

"మీరు చెప్పారుగా," అనేది పిట్టమ్మ.

"ఎత్తు కూడా తగ్గుతోంది. మీ తమ్ముడికి ఈ సంగతి తెలుసంటావా?"

"వాడికేం తెలుసండీ," అనేది. పక్కగదిలోకెళ్ళి చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

మాస్టారు ఊరుకునే రకమా? దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చొక్కా కొలతతో పాటు చెక్క పాఠం కూడా చెప్పారు. టీ కొట్టతని ఇంటి తలుపు బిర్రుగా పట్టేస్తుందంటే, రోజూ పొద్దున తుంపర కొట్టమన్నారు. ఆ అమాయకుడు ఆరు రోజులు కొట్టాడు. ఏడో రోజు తలుపు మూసుకోవడమే మానేసింది. మాస్టారి దగ్గరికొచ్చి మొత్తుకుంటే, "నీ చెక్క మంచిది కాదు," అనేశారు.

వారం తిరిగేసరికి ఏడు కబోర్డులూ నూట ఇరవయ్యారు అంగుళాల్లో కుదురుగా ఇమిడిపోయాయి. పెరటి గుమ్మం ఖాళీ అయింది. ఎత్తు రెండంగుళాలు దిగింది. పిట్టమ్మకి కావలసింది ఇంకో అయిదు. తొందరేముంది, రోజుకింత చొప్పున ఇంకో పక్షం రోజుల్లో దించేద్దామని అక్కాతమ్ముళ్ళు అనుకున్నారు.

కానీ ఆ మర్నాడు పొద్దున మాస్టారు టేపు పెట్టి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూసుకుని, తృప్తిగా మూసేశారు. "రాయి మందంతో కలిపితే సరిగ్గా ముప్పయ్యారు. నేననుకున్న కొలతకొచ్చేసింది. ఇంక కుంచించుకుపోతే ప్రమాదం. సాయంత్రం వార్నిష్ తెచ్చి కొట్టేస్తాను, అక్కడితో ఆగిపోతుంది. రేపు పొద్దున రాయివాళ్ళొస్తారు."

పిట్టమ్మ చేతిలో పని వదిలేసి వచ్చింది. ముప్పయ్యారంటే అత్తగారి గట్టే. రాయి పరిచాక ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు. "ఇంకో పది రోజులు ఆగుదామండీ. నాకు అందదు," అంది.

"అందుతుంది. నీ కొలత తీసే చేశాను."

"నా కొలత ఎప్పుడు తీశారు?"

"తీశాను," అని ఆయన వెళ్ళిపోయారు.

అబద్ధమాడుతున్నారనుకుంది పిట్టమ్మ. తల్లి గట్టునే మళ్ళీ కొలిచి, నీ ఎత్తుకని నోటితో అన్నారనుకుంది. ఒళ్ళు మండిపోయింది. తమ్ముడికి ఫోను చేస్తే వాడు దూరంగా ఎక్కడో గుమ్మాలు బిగిస్తున్నాడు. "చీకటి పడేదాకా కదల్లేనక్కా. రంపం పెరట్లో గోనె కిందుంది," అన్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ పిట్టమ్మ అదొక సలహాగానే తీసుకుంది.

నేల మీద పాత పరుపు పరిచింది. మూల కబోర్డుని దాని మీదికి వెల్లకిలా పడుకోబెట్టింది. వారం రోజులుగా తమ్ముణ్ణి చూస్తూనే ఉందిగా, కాళ్ళ మీద గీతలు గీసి రంపం పట్టింది. మొదటి కాలు తెగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బెణికిన మణికట్టు లబలబలాడింది. రెండోదానికి కాస్త చెయ్యి తిరిగింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి రెండు కబోర్డులు అయిదేసి అంగుళాలు దించి గోడకి నిలబెట్టింది. మూడోదాన్ని గోడ నించి ముందుకి జరిపి, దాని వెనక కూర్చుని చెమట తుడుచుకుంటుండగా వీధి తలుపు చప్పుడైంది.

పెందలాడే వచ్చేసిన మాస్టారు వార్నిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. అయిదు కబోర్డులు ఎత్తుగా, రెండు కిందికి దిగిపోయి మెట్టులా ఉన్నాయి.

"వామ్మో. ఒక్కపూటలో అయిదంగుళాలు," అన్నారు.

పిట్టమ్మ రంపాన్ని వీపు వెనక్కి తోసేసుకుంది.

"ఆగట్లేదే. ఇలా వదిలేస్తే తెల్లారేసరికి నేలమట్టమవుతాయి. నువ్వు లే, పక్కకి జరుగు, మిగతా అయిదింటినైనా కాపాడాలి." ఆయన గబగబా డబ్బా మూత పీకి బ్రష్షు ముంచారు.

ఒక్క మాట ఆడకుండా కూర్చుంటే ఆవిడ గుట్టు గుట్టుగానే ఉండిపోయేది. ఆయన జన్మలో కనిపెట్టరు. కానీ వార్నిష్ పడితే ఆ అయిదూ అక్కడే ఆగిపోతాయి. బ్రష్షు చెక్కకి తగలబోతుండగా పిట్టమ్మ లేచి నిలబడి రంపం ముందుకి చాపింది.

"చెక్క కుంచించుకుపోలేదు. నేను కోశాను. ఈ వారమంతా మా తమ్ముడు కోశాడు."

మాస్టారు రంపాన్ని చూశారు. చెక్కని చూశారు. పెళ్ళాం జుట్టులో ఉన్న పొట్టుని చూశారు. నెమ్మదిగా మూత పెట్టి ఆ డబ్బా మీదే కూర్చున్నారు.

"రోజూనా?"

"రోజూ. మీరు కుట్టుకి వదిలారు. అటో అరంగుళం, ఇటో అరంగుళం."

ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "కాళ్ళకి మడత కూడానా?"

"మడత కూడా."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే వినే మనిషైతే చెప్పేదాన్ని. అదీ పోనివ్వండి, అందరం తప్పులు చేస్తాం. కానీ నా ఎత్తుకి చేస్తానని చెప్పి మీ అమ్మగారి ఎత్తుకి చేశారు చూడండీ, అది మాత్రం నేను మరిచిపోలేను. ఇన్నేళ్ళలో నేను నోరు తెరిచి అడిగింది ఈ ఒక్కటే."

"మా అమ్మ గట్టుని నేను ముట్టుకోనైనా లేదు. నీ కొలతే తీశాను." ఆయన జేబులోంచి నోటుపుస్తకం లాగి పేజీ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆయన చేతిరాతే. మా ఆవిడ, మోచేయి నలభై, గట్టు దానికి నాలుగు కిందకి, ముప్పయ్యారు.

"నా మోచేయి నలభై ఎక్కడిదండీ? ఇదిగో నేనిక్కడే ఉన్నాను, పెట్టండి టేపు."

మాస్టారు లేచి, మెడలోంచి టేపు తీసి, ఆవిడ మోచేతి దగ్గర పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి నేలకి ఆనించారు. ముప్పయ్యయిదు. మళ్ళీ పెట్టారు. ముప్పయ్యయిదే. ఆయన చేతిలో టేపు ఇంతవరకు అబద్ధం చెప్పలేదు.

"అప్పుడెలా కొలిచారు?"

"పాత గట్టు పగలగొట్టకముందు ఓ రోజు. నువ్వు పొయ్యి దగ్గరున్నావు. నీకు చెప్పకుండా చెయ్యాలని, వెనకనించి వచ్చి మోచేతి కాడినించి టేపు వదిలాను. నువ్వు కూర కలుపుతున్నావు, చూసుకోలేదు."

పిట్టమ్మ నోటుపుస్తకం మూసేసింది. "అప్పుడు నేను పీట మీదున్నాను," అంది.

మాస్టారు నేల మీద అలాగే ఉండిపోయారు, టేపు చివర వేలి కింద నొక్కిపెట్టుకుని. ఊళ్ళో ఎవడి భుజం ఏ వైపు జారిందో దూరంనించి చెప్పేసే మనిషి.

"నిన్నెప్పుడూ అక్కడ అంత ఎత్తులోనే చూశాను. అదే నీ ఎత్తనుకున్నాను," అన్నారు. "పీట నా కంటికి ఆనలేదే."

పిట్టమ్మకి ఏడుపొచ్చింది. ఆయన మీద అప్పటిదాకా మండిన మంట ఎటు పోయిందో తెలియలేదు గానీ, దాని వెనకాలే ఇరవయ్యారేళ్ళ దుఃఖం తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "లేవండి, మోకాళ్ళు పట్టేస్తాయి," అంది.

ఆయన లేచి రంపం అందుకున్నారు. మూడోదాని కాలు ఒకటి కోశారు. ఎంత ఏటవాలుగా వచ్చిందంటే ఇద్దరూ దాన్ని చూసి మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు మాస్టారు గొంతు సవరించుకుని ఫోను తీశారు. అవతల బావమరిది గొంతు వినగానే కాసేపు నీళ్ళు నమిలి, చివరికి, "ఏం లేదురా. చెక్క ఇంకా అయిదంగుళాలు కుంచించుకుపోవాల్సుంది. పని కాగానే రా," అన్నారు. ఫోనులో అవతలి నవ్వు పిట్టమ్మ దాకా వినబడింది. ఈసారి మాస్టారు కోప్పడలేదు. కత్తెర మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు రాయివాళ్ళు వచ్చేసరికి ఇరవయ్యెనిమిది కాళ్ళూ సమానంగా ఉన్నాయి. రాయి పడింది, పంపు బిగిసింది, పొయ్యి లోపలికొచ్చింది. పిట్టమ్మ చెప్పుల్లేకుండా గట్టు ముందు నిలబడింది. గిన్నె పెట్టింది. కూరగాయ ముక్కలు వేసింది. గిన్నె అడుగు దాకా కనబడుతోంది. ఉప్పు అందుకుంది, మూత అందుకుంది, నీళ్ళు పోసింది. ఎక్కడా దిగక్కర్లేకపోయింది. కాసేపటికి కాళ్ళకి ఏం చెయ్యాలో తోచక, ఒకదాని మీద ఒకటి వేసుకుని నిలబడింది.

మాస్టారు టీ తాగేసి గ్లాసు కడగడానికి పంపు దగ్గరికొచ్చారు. ఆరడుగుల మనిషి. గట్టు ఆయన తొడల దగ్గరుంది. వీపు సగానికి వంచి, "అబ్బా," అంటూ నడుము పట్టుకున్నారు.

"ఏమే, ఇక్కడ రెండు నిమిషాలు పనిచేస్తే నడుము విరుగుతుందే."

పిట్టమ్మ గరిటె ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

"వంగండి. ఇన్నేళ్ళూ నేను ఎక్కలేదూ?" అంది.

మాస్టారు మళ్ళీ వంగి గ్లాసు కడిగారు. పక్కన ఆవిడ గ్లాసు ఉంటే అదీ కడిగారు.